విడాకుల డిక్రీ, దివాలా పిటిషన్: ఒకే ఇంటి మీద రెండు కోర్టులు

సభాధ్యక్షులకు, న్యాయవాద మిత్రులకు, ఆసక్తితోనో అవసరంతోనో ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

విడాకులూ దివాలా రెండూ వేర్వేరు కష్టాలని మనం అనుకుంటాం. వాటికి వేర్వేరు చట్టాలున్నాయి, వేర్వేరు కోర్టులున్నాయి, చాలాసార్లు వేర్వేరు వకీళ్లు కూడా ఉంటారు. అయితే ఆ రెండు కోర్టుల్లోనూ చర్చకు వచ్చే జీతం ఒకటే, ఇల్లు ఒకటే, బ్యాంకు అప్పు ఒకటే. ఫ్యామిలీ కోర్టులో రాజీపత్రం మీద సంతకం పెట్టేటప్పుడు, అవతలి మనిషి రేపు ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెడితే ఈ కాగితానికి మిగిలే విలువెంత అని ఆలోచించేవారు చాలా తక్కువ. ఐపీ పెట్టేవారిలో కూడా, భార్యాబిడ్డలకు ఇవ్వవలసిన సొమ్ము మిగతా బాకీలతో పాటు కొట్టుకుపోతుందని నమ్మేవారు ఎక్కువ. ఈ రెండు చోట్లా జరుగుతున్న పొరపాటు వల్ల నష్టపోయేది సాధారణంగా ఇంట్లో సంపాదన తక్కువగా ఉన్నవారు, పిల్లలు. అందుకే ఈ ముడిని కాస్త విప్పి చెప్పాలని నా కోరిక.

విడాకులు మనుషులను దివాలా వైపు ఎందుకు నెడతాయో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒక సంపాదన మీద నడిచిన ఇల్లు రెండు ఇళ్లయినప్పుడు అద్దె, కరెంటు, వంటఖర్చు రెండేసి చోట్ల మొదలవుతాయి, పాత కిస్తీలు మాత్రం పైసా తగ్గవు. కోర్టు ఖర్చులు వాటికి అదనం. అప్పటిదాకా అప్పు ఇచ్చినవాడు ఇద్దరి సంపాదననూ చూసి ఇచ్చి ఉంటాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకరి బాధ్యతను మరొకరి మీదికి తోసుకుంటుంటే, వసూలుకు తొందరపడతాడు. అప్పుల వల్ల కాపురాలు చెడిపోవడం మనందరికీ తెలిసిన సంగతే కనుక దాన్ని వివరించను. నేను చెప్పదలచుకున్నది చట్టంలో ఉన్న చిక్కు గురించి.

ఫ్యామిలీ కోర్టు ముందు ఇద్దరే ఉంటారు. వారిద్దరి మధ్య న్యాయమేమిటన్నదే అక్కడి ప్రశ్న. దివాలా కోర్టు ముందు బాకీదారు ఒక్కడు, అతనికి అప్పిచ్చినవాళ్లు అనేకులు. ఉన్న కొద్దిపాటి ఆస్తిని అంతమందికీ తారతమ్యం లేకుండా ఎలా పంచాలన్నది అక్కడి ప్రశ్న. విడాకులు పొందిన భార్య (లేదా భర్త, ఎందుకంటే చాలా దేశాల చట్టం ఇద్దరినీ సమానంగానే చూస్తుంది) ఈ రెండో కోర్టు గుమ్మం తొక్కగానే, ఆమె కుటుంబ సభ్యురాలిగా కాక అప్పులవాళ్లలో ఒకరిగా నిలబడవలసి వస్తుంది. ఆ వరసలో ఆమెకు ముందు చోటా, చివరి చోటా, అసలు చోటే లేదా అన్నది ఆమెకు రావలసిన సొమ్ము ఏ రకానిదన్న దాని మీద ఆధారపడుతుంది. సొమ్ము మూడు రకాలుగా ఉంటుంది: బతకడానికి ఇచ్చే మనోవర్తి, ఆస్తిలో వాటాగా ఇచ్చే మొత్తం, మూడోవారికి ఉన్న బాకీని ఒకరు తీర్చాలన్న ఒప్పందం. రాజీపత్రంలో ఈ మూడూ ఒకే పేరాలో కలిసిపోయి కనిపిస్తాయి. దివాలా కోర్టులో మూడూ మూడు దారులు పడతాయి.

మనోవర్తి సంగతి మొదట చూద్దాం. ఇక్కడ దేశదేశాల చట్టాలు దాదాపు ఒక్కమాట మీద ఉన్నాయి: దివాలా తీసినంత మాత్రాన మనోవర్తి బాధ్యత పోదు. అమెరికా సుప్రీంకోర్టు 1901లో ఆడుబాన్ వర్సెస్ షుఫెల్ట్ కేసులో, భార్యకు ఇవ్వవలసిన భరణం మామూలు వ్యాపారపు బాకీ వంటిది కాదని, అది భర్త మీద ఉన్న పోషణ బాధ్యత నుంచి పుట్టినదని, కాబట్టి దివాలా విముక్తి, అంటే బాకీల నుంచి దివాలా కోర్టు ఇచ్చే విడుదల, దానికి వర్తించదని తీర్పు చెప్పింది. రెండేళ్లలో ఆ దేశపు చట్టసభ దాన్ని చట్టంలోనే చేర్చింది. ఒక శతాబ్దం తరవాత, 2005లో వచ్చిన సవరణలు ఇంకో అడుగు ముందుకు వేసి, తాకట్టు లేని బాకీల వరసలో భార్యాబిడ్డల పోషణ బాకీని మొట్టమొదటి స్థానంలో నిలబెట్టాయి. అంతకుముందు అది ఏడో స్థానంలో ఉండేది.

మన దేశంలో వ్యక్తుల దివాలాకు ఇప్పటికీ ప్రధానంగా వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. కోల్‌కతా, ముంబయి, చెన్నై నగరాలకు 1909 నాటి మరో చట్టం ఉంది. 2016లో వచ్చిన ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్‌లో వ్యక్తుల కోసం ఒక భాగమంతా రాశారు గానీ, 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని అమలులోకి తెచ్చింది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో మాత్రమే. 1920 నాటి పాత చట్టంలోని 44వ సెక్షను, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద ఇచ్చిన మనోవర్తి ఉత్తర్వు వల్ల ఏర్పడిన బాధ్యత నుంచి దివాలాదారుకు విముక్తి లేదని స్పష్టంగా అంటుంది. ఆ సెక్షను పేర్కొన్నది 1898 నాటి కోడ్‌లోని 488ని; దాని వారసత్వమే 1973 కోడ్‌లోని 125, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144. 2016 నాటి ఇన్సాల్వెన్సీ కోడ్ అయితే, ఏ చట్టం కిందనైనా ఎవరికైనా చెల్లించవలసిన మనోవర్తిని, విముక్తి నుంచి మినహాయించిన బాకీల జాబితాలో పెట్టింది. 2024 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఒక కేసులో, మనోవర్తి హక్కు జీవించే హక్కుతో ముడిపడినది కాబట్టి, బ్యాంకుల వంటి ఋణదాతలకు వసూలు చట్టాలిచ్చే హక్కుల కన్నా దానికి ప్రాధాన్యం ఉండాలని చెప్పి, బకాయి చెల్లించకపోతే భర్త స్థిరాస్తులను వేలం వేసైనా వసూలు చేయవచ్చని ఆదేశించింది. ఇది చాలా పెద్ద మాట. కింది కోర్టుల్లో దీన్ని ఎత్తి చూపేవారు ఎందరుంటారో నాకు సందేహమే కనుక ఈ సభలో గట్టిగా చెబుతున్నాను.

ఈ ప్రాధాన్యం కాగితం మీదే ఉండిపోకుండా జీతం దగ్గర ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం, మామూలు అప్పు డిక్రీ కింద జీతం జప్తు చేయాలంటే మొదటి 1,000 రూపాయలనూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులనూ ముట్టుకోరాదు. జీతం 31,000 అనుకుంటే, 1,000 పోను 30,000లో 20,000 ఉద్యోగికి మిగలాలి, అప్పులవాడికి దక్కేది 10,000. అదే మనోవర్తి డిక్రీ అయితే ఉద్యోగికి కాపాడి ఉంచేది జీతంలో మూడో వంతు మాత్రమే, అంటే సుమారు 10,333. దాదాపు 20,667 రూపాయల దాకా జప్తు చేయవచ్చు. ఒకే మనిషి, ఒకే జీతం, కానీ డిక్రీ ఏ రకానిదన్న దాని మీద వసూలయ్యే సొమ్ము రెట్టింపుకు పైగా పెరిగిపోతోంది. డిక్రీ అమలుకు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసేటప్పుడు ఈ తేడాను కోర్టు దృష్టికి తేకపోతే గుమాస్తా అలవాటుగా మామూలు లెక్కే వేసే ప్రమాదం ఉంది.

రెండో రకం, ఆస్తిలో వాటా. చిక్కంతా ఇక్కడే ఉంది, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

కెనడా సుప్రీంకోర్టు 2011లో తేల్చిన ష్రేయర్ వర్సెస్ ష్రేయర్ కేసు చూడండి. మానిటోబా రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబం. భార్యాభర్తలు విడిపోయారు. అక్కడి చట్టం ప్రకారం విడిపోయే దంపతుల ఆస్తుల విలువ లెక్కగట్టి, ఎక్కువ ఉన్నవారు తక్కువ ఉన్నవారికి తేడా చెల్లించి సమం చేయాలి. ఆ లెక్క ఇంకా పూర్తి కాకముందే భర్త దివాలా తీశాడు, ఆ తరవాత విముక్తి కూడా పొందాడు. పొలం అతని పేరనే ఉంది. పైగా దివాలాలో ఋణదాతలు ముట్టుకోరాని ఆస్తిగా ఆ రాష్ట్ర చట్టం దాన్ని కాపాడింది. లెక్క తేలాక భార్యకు నలభై వేల డాలర్లకు పైగా రావాలని తెలిసింది. కానీ సుప్రీంకోర్టు ఏమందంటే, మానిటోబా చట్టం ఆమెకు ఇచ్చింది పొలంలో భాగం కాదు, సొమ్ము అడిగే హక్కు మాత్రమే; సొమ్ము అడిగే హక్కు బాకీ అవుతుంది; ఆ బాకీ మిగతా బాకీలలాగే విముక్తితో రద్దయిపోయింది. పొలం భర్త చేతిలోనే ఉండిపోయింది, భార్య హక్కు పోయింది. ఫలితం కఠినంగా ఉందని న్యాయమూర్తులకూ తెలుసు, మార్చవలసింది పార్లమెంటేనని అన్నారు. విడిపోయిన తొలినాళ్లలోనే, ఆ కాపాడబడిన ఆస్తి మీద కేసు కొనసాగించడానికి దివాలా కోర్టు అనుమతి అడిగి ఉంటే ఆమెకు దారి ఉండేదని కూడా చెప్పారు. ఆ మాట ఆమెకు అప్పుడు ఎందుకూ పనికిరాలేదు. తరవాత అలాంటి స్థితిలో ఉన్నవారికైనా పనికిరావాలి.

దీని పక్కన అమెరికా సుప్రీంకోర్టు 1991లో చెప్పిన ఫారీ వర్సెస్ శాండర్‌ఫుట్ తీర్పును పెట్టి చూడండి. విస్కాన్సిన్‌లో 1986లో విడాకులయ్యాయి. ఇల్లూ స్థలమూ భర్తకు ఇచ్చి, భార్యకు ఆమె వాటా కింద 29,000 డాలర్లకు పైగా వాయిదాల మీద చెల్లించమని కోర్టు ఆదేశించింది. ఆ సొమ్ముకు భద్రతగా అదే ఇంటి మీద ఆమె పేర చార్జి, అంటే ఆ ఆస్తి నుంచే సొమ్ము రాబట్టుకునే హక్కు, సృష్టించింది. భర్త ఒక్క వాయిదా కూడా కట్టకుండా 1987లో దివాలా పిటిషన్ వేసి, నివాసగృహానికి చట్టం ఇచ్చే మినహాయింపును చూపించి ఆ చార్జిని కొట్టివేయమన్నాడు. కింది కోర్టుల్లో వాదం అటూ ఇటూ ఊగినా చివరికి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కుదరదంది. విడాకుల డిక్రీ అతనికి ఇంటి మీద కొత్త హక్కు ఇచ్చిన క్షణానే ఆ చార్జి కూడా పుట్టింది కాబట్టి, అతనికి చార్జి లేని హక్కు ఎన్నడూ లేదని, లేనిదాన్ని కాపాడమని అడగలేడని తీర్పు చెప్పింది.

ఈ ఇద్దరు స్త్రీల కథల్లో తేడా ఎక్కడుంది? ఇద్దరికీ రావలసింది ఆస్తిలో వాటాయే, ఇద్దరి భర్తలూ కట్టకుండా దివాలా తీసినవారే. ఒకరి చేతిలో ఉన్నది సొమ్ము అడిగే హక్కు, మరొకరి చేతిలో ఉన్నది అదే సొమ్ముకు ఇంటి మీద పాతుకున్న హక్కు. అమెరికా చట్టం 2005 తరవాత ఇంకొంచెం దయగా మారి, సాధారణ దివాలాలో విడాకుల నుంచి పుట్టిన వాటా బాకీ కూడా రద్దు కాదంది. కానీ మూడు నుంచి ఐదేళ్లపాటు వాయిదాలు కట్టే చాప్టర్ 13 పద్ధతిలో, కట్టవలసినవన్నీ కట్టి పూర్తిచేసినవారికి ఆ వాటా బాకీలో మిగిలినది ఇప్పటికీ రద్దవుతుంది. మనోవర్తి మాత్రం అక్కడా రద్దు కాదు. అందుకే అక్కడి న్యాయవాదులు ఫలానా మొత్తం మనోవర్తా, వాటానా అన్న ప్రశ్న మీద పేజీలకు పేజీలు వాదిస్తారు. కోర్టులు కాగితం మీద పెట్టిన పేరును మాత్రమే చూడవు. ఆ సొమ్ము ఎందుకు ఇస్తున్నారు, నెలనెలా ఇస్తున్నారా ఒకేసారా, తీసుకునేవారికి వేరే ఆధారం ఉందా, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుందా అన్నవన్నీ చూసి దాని అసలు స్వభావాన్ని నిర్ణయిస్తాయి.

గోవా వంటి చోట్ల తప్ప మన దేశంలో పెళ్లితో ఆస్తి ఉమ్మడి అయిపోయే పద్ధతి లేదు. ఎవరి పేర ఉన్నది వారిదే. కాబట్టి ఇక్కడ వాటా సాధారణంగా రాజీలో శాశ్వత భరణం అనే పేరుతో ఒక మొత్తంగా వస్తుంది. ఆ మొత్తం వాయిదాలలో ఇవ్వాలని రాసుకున్నప్పుడు, అది భవిష్యత్తులో ఇవ్వవలసిన మనోవర్తికి బదులుగా ఇస్తున్నదని రాజీపత్రంలో స్పష్టంగా రాయించుకోవాలి. దాంతో పాటు, చెల్లింపు పూర్తయ్యేదాకా ఫలానా సర్వే నంబరు స్థలం మీదో ఫలానా ఫ్లాటు మీదో చార్జి ఉంటుందని డిక్రీలోనే పెట్టించి, రిజిస్ట్రేషను చేయించుకోవాలి. హిందూ దత్తత, భరణాల చట్టం 1956 కూడా చెప్పేది అదే: డిక్రీ వల్లో ఒప్పందం వల్లో సృష్టిస్తే తప్ప మనోవర్తి దానంతటది ఆస్తి మీద చార్జి కాదు. ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షను ప్రకారం, మనోవర్తి హక్కు సంగతి తెలియకుండా డబ్బు పెట్టి కొన్నవాడి మీద ఆ హక్కు పనిచేయదు. రిజిస్ట్రేషను చేయించాలని నేను పట్టుబట్టేది అందుకే: రికార్డులో ఉన్నదాన్ని తెలియదనడం కొన్నవాడికి కష్టం.

స్త్రీధనం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. అది భార్య సొంత ఆస్తి, భర్త దివాలాలో అతని ఆస్తిని కోర్టు తరఫున చేపట్టే రిసీవరు దాన్ని పట్టుకోకూడదు. ఆచరణలో ఇబ్బంది ఏమిటంటే, ఆ నగలు భర్త పేర బ్యాంకులో కుదువలో ఉంటాయి. అవి తనవని చూపించే కాగితాలు, ఫోటోలు, రసీదులు ఆమె తన దగ్గర పెట్టుకోవాలి.

మూడో రకం మూడోవారి బాకీ. రాజీపత్రాల్లో నేను తరచుగా చూసే వాక్యం ఇది: "గృహరుణం మిగతా కిస్తీలన్నీ మొదటి పార్టీయే చెల్లించవలెను, రెండవ పార్టీకి ఎట్టి బాధ్యతయు లేదు." చదవడానికి ఎంతో నిశ్చింతగా ఉంటుంది. కానీ ఆ రాజీలో బ్యాంకు పార్టీ కాదు, ఆ వాక్యం బ్యాంకును కట్టిపడేయదు. రుణపత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను కింద బ్యాంకు మొత్తం సొమ్మును ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేయవచ్చు. మొదటి పార్టీ ఐపీ పెట్టి విముక్తి పొందితే, ఆ విముక్తి అతనితో కలిసి అప్పు చేసినవారికి గానీ, జామీను నిలిచినవారికి గానీ వర్తించదని ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 44వ సెక్షనే అంటోంది. అంటే భర్తకు ఊరట దొరికిన రోజే బ్యాంకు నోటీసు భార్య ఇంటికి వస్తుంది. ఆమె ఆ డిక్రీ పట్టుకుని భర్త మీదికి వెళ్లాలి, కాని అతను అప్పటికే దివాలాదారు. ఒకరి దివాలా రెండోవారి దివాలాకు దారితీసేది ఎక్కువగా ఈ వాక్యం దగ్గరే. అమెరికాలో చాప్టర్ 13 వేసినప్పుడు, ఇంటి అవసరాల కోసం కలిసి చేసిన అప్పుల విషయంలో రెండో రుణగ్రహీత మీద కూడా వసూలును కొంతకాలం ఆపే ఏర్పాటు ఉంది. మన పాత చట్టంలో అటువంటి రక్షణ లేదు. కాబట్టి విడాకులు ఖరారయ్యే లోపే ఆ రుణాన్ని ఒక్కరి పేర మార్పించడమో, ఇల్లు అమ్మి తీర్చేయడమో, అదీ కుదరకపోతే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా విడుదల పత్రం తెచ్చుకోవడమో చేయాలి. ఇందులో ఏదీ సులువు కాదని నాకు తెలుసు. అయినా సంతకం తరవాత ఇవి ఇంకా కష్టమవుతాయి.

భర్త కంపెనీకి భార్య డైరెక్టరుగా ఉండి, బ్యాంకు అడిగిన చోటల్లా హామీ సంతకాలు పెట్టిన కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. విడాకులతో ఆ హామీ రద్దు కాదు. 2021 మే నెలలో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు, కంపెనీ అప్పుకు పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినంత మాత్రాన వ్యక్తిగత హామీదారుల బాధ్యత తీరిపోదని చెప్పింది. 2016 కోడ్‌లో వ్యక్తుల భాగం అమలులో ఉన్నదే ఇలాంటి హామీదారుల మీద కాబట్టి, ఇటువంటి మాజీ భార్య మీదికి నేరుగా దివాలా పిటిషనే రావచ్చు. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షను, కొనసాగే హామీని (ఒక్క అప్పుకు కాక వరస లావాదేవీలకు ఇచ్చిన హామీని) భవిష్యత్తు లావాదేవీల మేరకు నోటీసుతో ఉపసంహరించుకోవచ్చునంటుంది. హామీపత్రంలో ఆ హక్కు వదులుకున్నట్లు రాసి ఉందేమో చూసుకుని, విడిపోయిన వెంటనే ఆ నోటీసు ఇవ్వాలి. అప్పటిదాకా ఉన్న బాకీకి అది పనికిరాదు, ఆ తరవాత పెరిగే బాకీ నుంచి మాత్రం కాపాడవచ్చు.

ఇక ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న. దివాలా పిటిషన్ పడగానే వసూలు చర్యలు ఆగిపోవడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. అమెరికాలో ఆ నిలుపుదలకు స్పష్టమైన మినహాయింపులున్నాయి: విడాకులు ఇవ్వడం, పిల్లల సంరక్షణ తేల్చడం, గృహహింస కేసు, మనోవర్తి నిర్ణయించడం లేదా మార్చడం, జీతం నుంచి పోషణ సొమ్ము మినహాయించడం ఆగవు. దివాలా ఖాతాలోకి వచ్చిన ఆస్తిని పంచడం మాత్రం ఆగుతుంది. పిటిషన్ వేసిన 180 రోజుల లోపు విడాకుల డిక్రీ వల్ల దివాలాదారుకు ఏ ఆస్తి వచ్చినా అది ఋణదాతలకే పోతుంది. రాజీలో మంచి వాటా గెలుచుకున్న భార్య, అప్పటికే తన పేర దివాలా పిటిషన్ ఉంటే, గెలిచినదంతా కోల్పోతుంది. భార్యాభర్తలు కలిసి ఒకే పిటిషన్ వేసుకునే వీలు అక్కడ వివాహబంధం ఉన్నంతవరకే ఉంటుంది, కాబట్టి గొడవ పడకుండా విడిపోతున్న దంపతులు ఉమ్మడి అప్పులను ముందు వదిలించుకుని ఆ తరవాత విడాకులకు వెళ్లడం మామూలే. ఇద్దరి ప్రయోజనాలూ ఎక్కడ ఎదురుబొదురు అవుతాయో అక్కడ మాత్రం ఒకే న్యాయవాదిని పెట్టుకోకూడదు.

ఇంగ్లండులో పరిస్థితి మరీ కఠినం. దివాలా పిటిషన్ పడిన తరవాత బాకీదారు చేసే ఆస్తి బదిలీలు దివాలా కోర్టు ఒప్పుకుంటే తప్ప చెల్లవు, 1986 చట్టం 284వ సెక్షను ఆ మాట చెబుతోంది. కాబట్టి కుటుంబ కోర్టు ఇల్లు భార్యకు రాసివ్వమని ఒక వారం ఆలస్యంగా ఆదేశిస్తే ఆ ఇల్లు ఆమెది కాకుండా పోవచ్చు. ఆస్తి, దివాలాను నడిపే ట్రస్టీ చేతికి వెళ్లి ఏడాది దాటాక, అసాధారణ పరిస్థితులుంటే తప్ప, ఇంట్లో ఉంటున్న భార్యాబిడ్డల అవసరాల కన్నా ఋణదాతల ప్రయోజనమే ఎక్కువని కోర్టు భావిస్తుంది. ఆ ఏడాది పిల్లలకు వేరే ఇల్లు చూసుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు.

దొంగ విడాకులు, దొంగ దివాలాల గురించి చెప్పకుండా వదిలేస్తే నా మాట సగమే అవుతుంది. ఋణదాతల నుంచి ఇల్లు దాచడానికి భార్య పేర రాసి, విడాకులు నటించేవారున్నారు. మన పాత చట్టం 53వ సెక్షను, దివాలాకు ముందు రెండేళ్ల లోపు చేసిన ఉచిత బదిలీలను రద్దు చేయిస్తుంది. ఇంగ్లండులో తక్కువ విలువకు చేసిన బదిలీల విషయంలో ఐదేళ్ల వెనక్కు వెళ్లవచ్చు. అయితే నిజంగా విడిపోయినవారి ఆస్తి ఈ వలలో పడకూడదు కదా. 2007లో హిల్ వర్సెస్ హెయిన్స్ కేసులో ఇంగ్లండు అప్పీలు కోర్టు, పోరాడి విడాకులు తీసుకున్న భార్యకు కోర్టు ఉత్తర్వుతో బదిలీ అయిన ఇల్లు ఉచితంగా ఇచ్చినది కాదని, ఆమె వదులుకున్న హక్కులే దానికి ప్రతిఫలమని అంది. ఇద్దరూ కుమ్మక్కయిన చోట మాత్రం ఈ రక్షణ దొరకదు.

తిరగేసి చూస్తే, భార్యకు ఎగ్గొట్టడానికే దివాలా తీసేవారూ ఉన్నారు. ఇంగ్లండులో 2009 నాటి పాలిన్ కేసులో, భర్త తానే వేసుకున్న పిటిషన్ మీద వచ్చిన దివాలా ఉత్తర్వును భార్య సవాలు చేసి రద్దు చేయించుకుంది. మన దగ్గర దీనికి కనిపించే రూపం ప్రోనోట్లు. విడాకుల కేసు పడగానే వెనకటి తేదీలతో అన్నదమ్ములకు, బావమరుదులకు ప్రోనోట్లు రాసిచ్చి, వాటి మీద వాళ్ల చేత దావాలు వేయించి, ఎదురు చెప్పకుండా డిక్రీలు చేయించి, ఆ డిక్రీలను చూపించి ఐపీ పెడతారు. దీన్ని బయటపెట్టడానికి ఒక మంచి పరికరం మన చేతిలో ఉంది. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు వివరిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలంది. ఐపీలో కూడా అప్పుల జాబితా, ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క పద్దు చూడండి. ప్రమాణపత్రంలో లేని ప్రోనోటు ఐపీలో ఎక్కడి నుంచి వచ్చింది? అప్పిచ్చానంటున్న బంధువు బ్యాంకు ఖాతా నుంచి ఆ సొమ్ము కదిలిందా? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 269ఎస్‌ఎస్ సెక్షను 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని నిషేధించింది; అన్ని లక్షలు చేతికిచ్చానన్న మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు జవాబు రాదు.

చివరగా, నిజాయితీగా చితికిపోయిన మనిషి గురించి. వ్యాపారం మునిగో, ఉద్యోగం పోయో, జబ్బు పడో మనోవర్తి కట్టలేని స్థితికి వచ్చినవారు ఉంటారు. వారిని ఎగవేతదార్లతో జమకట్టడం అన్యాయం. మన కోర్టులు, ఒళ్లు సహకరించే భర్త కూలిపని చేసైనా పోషించాలని 2022లో అంజు గర్గ్ కేసుతో సహా పలుసార్లు చెప్పాయి కాబట్టి, సంపాదన లేదన్న ఒక్క మాట సరిపోదు, ఎందుకు లేదో రుజువులతో చూపించాలి. కానీ చట్టం వారికి తలుపు మూసేయలేదు. పరిస్థితులు మారినప్పుడు మనోవర్తి మొత్తాన్ని మార్చమని అడిగే హక్కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 146వ సెక్షనులో ఉంది. చాలామంది చేసేదేమిటంటే, కట్టడం ఆపేసి, బకాయి పెరిగి, వారెంటు వచ్చాక అప్పుడు దివాలా ఆలోచన చేస్తారు. అప్పటికి పేరుకున్న బకాయిని దివాలా తుడిచివేయదు. ప్రతి నెల బకాయికీ ఒక నెల దాకా జైలుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అమెరికాలోనైతే 1986 నాటి సవరణ, పిల్లల పోషణ బకాయిని వెనకటి తేదీ నుంచి తగ్గించే అధికారాన్ని రాష్ట్రాల కోర్టుల నుంచే తీసేసింది. అక్కడ పిటిషన్ వేసి నోటీసు ఇచ్చిన నాటి నుంచే తగ్గింపు. కాబట్టి ఆదాయం పడిపోయిన నెలలోనే, జీతం ఆగినట్లు చూపే కాగితంతోనో, దుకాణం మూసినట్లు చూపే జీఎస్టీ రద్దు పత్రంతోనో, ఆసుపత్రి రికార్డుతోనో మార్పు పిటిషన్ వేసి, కట్టగలిగినంత కడుతూ ఉండాలి. ఆ పిటిషన్‌నూ, అప్పటి నుంచి కట్టిన రసీదులనూ ఐపీలో జతచేస్తే, రెండు కోర్టులకూ ఒకే మనిషి ఒకే మాట చెప్పినట్లు ఉంటుంది.